క్లిన్స్‌మన్ కట్టిందెంత? ఒక కోచ్ చుట్టూ తెగని వాదం

2006 జూలై 12న యుర్గెన్ క్లిన్స్‌మన్ జర్మనీ జట్టు కోచ్ పదవి వదులుకుని కాలిఫోర్నియాలోని ఇంటికి తిరిగి వెళ్లాడు. అంతకు నాలుగు రోజుల ముందు స్టుట్‌గార్ట్‌లో పోర్చుగల్‌ను 3–1తో ఓడించి జర్మనీ ప్రపంచకప్‌లో మూడో స్థానంలో నిలిచింది. కప్పు రాకపోయినా జనం పండగ చేసుకున్నారు, అతన్ని ఉండిపొమ్మని అడిగారు. ఆ తర్వాత అతను చేపట్టిన నాలుగు కొలువుల్లో ఒక్కటీ అలా ముగియలేదు. బయర్న్ మ్యూనిక్ 2009లో, అమెరికా 2016లో, దక్షిణ కొరియా 2024లో అతన్ని తొలగించాయి. బెర్లిన్‌లోని హెర్తా క్లబ్‌ను 2020లో 76 రోజులకే తనే విడిచిపెట్టాడు.

ఈ నాలుగు ముగింపుల నీడ మొదటి కొలువు మీదా పడింది. 2006లో ఆ జట్టును నిలబెట్టింది నిజంగా క్లిన్స్‌మనేనా, పక్కనున్న యోఆకిమ్ లోవా, లేక వాళ్లిద్దరి కంటే ముందే మొదలైన యువ శిక్షణా? ఈ ప్రశ్న ఇరవై ఏళ్లుగా నలుగుతోంది. జర్మనీలో ఒక జవాబు వినిపిస్తుంది, అమెరికాలో రెండు, సోల్‌లో ఇంకొకటి. ఎవరికి వారు తమ అనుభవాన్నే మొత్తం కథ అనుకోవడంతో ముడి బిగిసింది. ఆ వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అది సడలదు.

బేకరీ నుంచి వెంబ్లీ దాకా

ఆటగాడిగా క్లిన్స్‌మన్ స్థాయి గురించి ఎవరికీ పేచీ లేదు. 1964లో గోపింగెన్‌లో పుట్టాడు. తండ్రికి బేకరీ ఉండేది, తనూ ఆ పని నేర్చి పట్టా తీసుకున్నాడు. జర్మనీ తరఫున 108 మ్యాచ్‌ల్లో 47 గోల్స్ చేశాడు. 1990, 1994, 1998 ప్రపంచకప్‌లలో వరుసగా 3, 5, 3 గోల్స్ కొట్టాడు. 1990లో మిలాన్‌లో నెదర్లాండ్స్‌తో ఆడుతుండగా తోటి స్ట్రైకర్ రూడి ఫోలర్‌కు 22వ నిమిషంలోనే రెడ్ కార్డు పడితే, ముందు వరుసలో ఒంటరిగా పరిగెత్తి తొలి గోల్ చేసిన ఆట అతని ఆటల్లోకెల్లా గొప్పదని చాలామంది అభిప్రాయం. ఆరేళ్ల తర్వాత వెంబ్లీలో కెప్టెన్‌గా యూరో కప్పు అందుకున్నాడు.

కోచ్‌గా అతన్ని అర్థం చేసుకోవడానికి గోల్స్ కన్నా అతని తిరుగుడు ముఖ్యం. స్టుట్‌గార్ట్, ఇంటర్ మిలాన్, మొనాకో, టాటెన్‌హామ్, బయర్న్, సంప్‌డోరియా. ఎక్కడా పాతుకుపోలేదు. ఆట మానేశాక అమెరికాలో స్థిరపడి, అక్కడి క్రీడా శిక్షణ పద్ధతులను దగ్గర నుంచి చూశాడు. జర్మనీ ఫుట్‌బాల్ పెద్దలకు అతను ఎప్పుడూ సగం బయటివాడే. 2004లో అతని బలం అదే, ఆ తర్వాత అతని మీద పడిన నింద కూడా అదే.

ముందు తార, వెనుక గురువు

క్లిన్స్‌మన్ మీద చర్చలో చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. పేరున్న ఆటగాణ్ని ముందు నిలబెట్టి, పాఠం చెప్పగలవాణ్ని అతనికి తోడుగా ఉంచడం జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్యకు అప్పటికే ఇరవై ఏళ్ల అలవాటు. 1984లో ఫ్రాంజ్ బెకెన్‌బాయర్‌ను పిలిచినప్పుడు అతని దగ్గర కోచింగ్ లైసెన్సు లేదు. అందుకే కోచ్ అనకుండా ‘టీమ్‌షెఫ్’ అన్నారు. పక్కన మొదట హోర్స్ట్ కోపెల్, తర్వాత హోల్గర్ ఓసిక్ ఉన్నారు. 1990లో కప్పు వచ్చింది. 2000లో ఫోలర్ విషయంలోనూ ఇదే ఏర్పాటు, పక్కన మిషాయెల్ స్కిబె. 2002లో జట్టు ఫైనల్ దాకా వెళ్లింది.

ఆ రెండు జంటల్లో ఏ పని ఎవరిదని ఎవరూ పెద్దగా తవ్వలేదు. మూడో జంట దగ్గరే తవ్వకం మొదలైంది. కారణం తెలిసిందే. ఓసిక్, స్కిబె తర్వాత జర్మనీ జట్టుకు ప్రధాన కోచ్‌లు కాలేదు. లోవ్ అయ్యాడు, ఎనిమిదేళ్లకు ప్రపంచకప్ గెలిచాడు. లోవ్ 2010లోనే విఫలమై ఉంటే 2006 ఘనత గురించి ఈ వాదమే పుట్టేది కాదేమో. అంటే ముందు జరిగినదాన్ని తర్వాత జరిగినదాని వెలుగులో చదువుతున్నాం. ఏ పక్షం మాట విన్నా ఇది గుర్తుంచుకోవాలి.

రెండేళ్ల కుదుపు

2004 యూరోలో జర్మనీ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. నెదర్లాండ్స్‌తో, లాత్వియాతో డ్రా, చెక్ జట్టు చేతిలో ఓటమి. ఫోలర్ తప్పుకున్నాడు. స్వదేశంలో ప్రపంచకప్‌కు రెండేళ్లే ఉంది. పేరున్న కోచ్‌లలో ఒట్మార్ హిట్జ్‌ఫెల్డ్ రానన్నాడు, ఒట్టో రెహాగెల్ రానన్నాడు. అప్పటిదాకా ఏ జట్టుకూ కోచ్‌గా చేయని క్లిన్స్‌మన్ పేరు మాజీ కోచ్ బెర్టి ఫోగ్ట్స్ నోట వచ్చింది. జూలై 26న నియామకం జరిగింది.

2000లో మాజీ అంతర్జాతీయ ఆటగాళ్ల కోసం హెన్నెఫ్‌లో పెట్టిన ప్రత్యేక కోచింగ్ కోర్సులో క్లిన్స్‌మన్, లోవ్ కలిసి చదువుకున్నారు. లోవ్ జర్మనీ సీనియర్ జట్టుకు ఎన్నడూ ఆడలేదు. అయితే స్టుట్‌గార్ట్‌కు 1997లో జర్మన్ కప్ గెలిపించిన కోచ్. క్లిన్స్‌మన్ అతన్ని సహాయకుడిగా, ఒలివర్ బీర్‌హోఫ్‌ను మేనేజర్‌గా తెచ్చుకున్నాడు. ఆపై మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అరిజోనా నుంచి మార్క్ వెర్‌స్టెగెన్ శిక్షకులు వచ్చి ఆటగాళ్ల కాళ్లకు రబ్బరు పట్టీలు కట్టి వ్యాయామం చేయించారు. మానసిక నిపుణుడిగా హాన్స్ డీటర్ హెర్మన్, ప్రత్యర్థి జట్లను చదవడానికి స్విట్జర్లాండ్‌కు చెందిన ఉర్స్ జీగెన్‌తాలర్ చేరారు. గోల్‌కీపర్ల కోచ్‌గా పాతుకుపోయిన జెప్ మాయర్ స్థానంలో ఆండ్రియాస్ కోప్కె వచ్చాడు. కెప్టెన్సీ ఒలివర్ కాన్ నుంచి మిషాయెల్ బలాక్‌కు మారింది. 2006 ఏప్రిల్‌లో మొదటి గోల్‌కీపర్ స్థానమూ కాన్ చేజారి యెన్స్ లేమన్‌కు దక్కింది.

ఒక్కో మార్పు వెనుకా ఒక పోట్లాట ఉంది. సాంకేతిక డైరెక్టర్‌గా హాకీ కోచ్ బెర్నార్డ్ పీటర్స్ కావాలని క్లిన్స్‌మన్ పట్టుబడితే సమాఖ్య మత్తియాస్ జామర్‌ను ఎంచుకుంది. 2006 మార్చి 1న ఫ్లోరెన్స్‌లో ఇటలీ 4–1తో చిత్తుచేసింది. ఆ వెంటనే డ్యూసెల్‌డార్ఫ్‌లో ప్రపంచకప్ కోచ్‌ల సదస్సు జరిగితే క్లిన్స్‌మన్ కాలిఫోర్నియాలో ఉండిపోయాడు. బెకెన్‌బాయర్ బహిరంగంగానే మందలించాడు. ఆ నెల ఫిఫా ర్యాంకుల్లో జర్మనీది 22వ స్థానం.

జూన్ 9న మ్యూనిక్‌లో కోస్టారికాపై 4–2 గెలుపుతో గాలి మారింది. పోలండ్‌పై ఇంజురీ టైమ్‌లో ఒలివర్ నాయ్‌విల్ గోల్. దానికి పాస్ ఇచ్చిన డేవిడ్ ఓడోంకోర్‌కు జట్టులోకి ఎంపికైన రోజుకు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ అనుభవం కూడా లేదు. క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనాపై షూటౌట్‌కు ముందు ప్రత్యర్థులు పెనాల్టీలు ఎటు కొడతారో రాసి కోప్కె ఇచ్చిన చీటీ లేమన్ మేజోడులో ఉంది. కాన్ స్వయంగా వెళ్లి లేమన్‌తో చేయి కలిపాడు. సెమీఫైనల్లో డోర్ట్‌మండ్‌లో ఇటలీ 119వ నిమిషంలో తలుపు మూసేసింది. ఆట ఓడినా, దూకుడుగా ముందుకు ఆడే జర్మనీని ప్రపంచం చాలా కాలం తర్వాత చూసింది.

ఒక ఫలితం, మూడు వివరణలు

మొదటి పక్షం మాట ఇది: మార్పు తెచ్చింది క్లిన్స్‌మనే. సమాఖ్యలో తరతరాల అలవాట్లను కదిలించడానికి బయటివాడి మొండితనం కావాలి. లోవ్ ఎంత తెలివైనవాడైనా 2004లో అతనికి ఆ పలుకుబడి లేదు. కాన్‌ను పక్కనపెట్టడం, మాయర్‌ను పంపించడం, ఫిట్‌నెస్ పేరుతో విదేశీయులను దించడం ఒక ప్రపంచకప్ విజేతకే సాధ్యం. ఆనాడు కొత్తగా వచ్చిన పనివాళ్ల బృందం అతనితో వెళ్లిపోలేదు. బీర్‌హోఫ్, కోప్కె, హెర్మన్, జీగెన్‌తాలర్ లోవ్‌తోనే కొనసాగారు. ఇల్లు లోవ్ నడిపాడు గానీ పునాది అతనిది కాదంటారు వీళ్లు.

రెండో పక్షానిది ‘సొమ్మొకడిది సోకొకడిది’ వాదం. జట్టుకు ఆట నేర్పింది లోవ్, క్లిన్స్‌మన్ ఉత్సాహం నింపాడంతే. జోంకె వోర్ట్‌మన్ తీసిన డాక్యుమెంటరీ 2006 చివర్లో విడుదలైనప్పటి నుంచి ఈ మాటకు బలం పెరిగింది. అందులో డ్రెస్సింగ్ రూంలో గొంతు చించుకుని ప్రసంగించే క్లిన్స్‌మన్ కనిపిస్తాడు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడంలో ఒక చిక్కుంది. కెమెరా ఒక నెల పాటు డ్రెస్సింగ్ రూంలో ఉంది, ప్రసంగాలను పట్టుకుంది. రెండేళ్ల శిక్షణలో ఎవరు ఏం చెప్పారో అది చూపలేదు, చూపలేదు కాబట్టి జరగలేదనీ అనలేం.

మూడో పక్షం ఇద్దరినీ దాటి వెళ్తుంది. 2000 యూరోలో తొలి రౌండ్‌లోనే బయటపడ్డాక సమాఖ్య మేలుకుంది. ప్రతి బుండెస్‌లిగా క్లబ్‌కూ యువ శిక్షణ కేంద్రం తప్పనిసరి చేసింది. 2002లో దేశమంతటా సుమారు 390 చోట్ల ప్రతిభాన్వేషణ కేంద్రాలు తెరిచింది. పైగా 2006లో వెలిగిన ఫిలిప్ లామ్, బాస్టియన్ ష్వైన్‌స్టైగర్, లూకాస్ పొడోల్‌స్కీ ముగ్గురినీ జాతీయ జట్టులోకి మొదట తీసుకున్నది ఫోలర్. క్లిన్స్‌మన్ హయాంలో అడుగుపెట్టినవాడు పెర్ మెర్టెసాకర్.

మూడో వాదం మొదటి రెండింటికన్నా గట్టిదే గానీ, 2006కు దాన్ని పూర్తిగా అన్వయించడం సరికాదు. 2002లో తెరిచిన కేంద్రంలో చేరిన పన్నెండేళ్ల పిల్లవాడు 2006 నాటికి పదహారేళ్లవాడు. ఆ సంస్కరణల పంట 2010 తర్వాత కోతకు వచ్చింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు ఏళ్ల కుర్రాళ్లను స్వదేశంలో జరిగే ప్రపంచకప్‌లో నమ్మి దించడం మాత్రం క్లిన్స్‌మన్ తీసుకున్న నిర్ణయమే. దానికి దక్కాల్సిన విలువ వాదాల మధ్య తరచూ జారిపోతోంది.

బయర్న్: లామ్ పుస్తకం చెప్పినది

2008–09లో బయర్న్‌లో క్లిన్స్‌మన్ పక్కన లోవ్ లేడు. అందుకే రెండో పక్షం ఈ పది నెలలనే నిర్ధారణగా చూపుతుంది. 2011లో వచ్చిన తన పుస్తకంలో లామ్ ఆ కాలం గురించి కటువుగా రాశాడు. శిక్షణంతా దాదాపు ఫిట్‌నెస్ చుట్టూనే తిరిగిందని, వ్యూహం పక్కన పడిందని, ఎలా ఆడాలో మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లే మాట్లాడుకోవాల్సి వచ్చిందని అతని ఫిర్యాదు. 2006లో క్లిన్స్‌మన్ జట్టుకు తొలి గోల్ చేసినవాడే ఈ మాట అనడంతో దాని బరువు పెరిగింది. 2009 ఏప్రిల్‌లో వోల్ఫ్స్‌బర్గ్ చేతిలో 5–1, నాలుగు రోజులకు బార్సిలోనా చేతిలో 4–0. నెలాఖరుకు ఉద్వాసన. మరుసటి ఏడాది లూయీ వాన్ హాల్ కింద అదే క్లబ్ రెండు దేశవాళీ టైటిళ్లు గెలిచి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది.

క్లిన్స్‌మన్ వైపు చెప్పుకోదగ్గవి లేకపోలేదు. స్పోర్టింగ్ లిస్బన్‌ను రెండు మ్యాచ్‌ల్లో కలిపి 12–1తో ఓడించింది ఆ జట్టే. థామస్ ముల్లర్‌కు బుండెస్‌లిగాలో తొలి అవకాశం ఇచ్చింది అతనే. అయినా ఈ అధ్యాయంలో తూకం లామ్ వైపే మొగ్గుతుంది. క్లబ్‌లో రోజూ పాఠం చెప్పాలి, వారం వారం దిద్దాలి. రెండేళ్ల తర్వాతి ఒక నెలను లక్ష్యంగా పెట్టుకుని పనిచేసే మనిషికి అది వేరే వృత్తి.

అమెరికా: ఐదేళ్లు, రెండు తీర్పులు

వాదం నిజంగా సమతూకంలో ఉన్నది ఇక్కడ. 2011 జూలై నుంచి 2016 నవంబర్ దాకా 98 మ్యాచ్‌లు, 55 విజయాలు. 2012లో జెనోవాలో ఇటలీపై తొలి గెలుపు, అదే ఏడాది మెక్సికో సిటీలోని అజ్‌టెకా స్టేడియంలో మెక్సికోపై తొలి గెలుపు. 2013లో గోల్డ్ కప్, వరుసగా 12 విజయాలు. 2014 ప్రపంచకప్‌లో ఘనా, పోర్చుగల్, జర్మనీ ఉన్న గ్రూపు దాటి, బెల్జియంతో అదనపు సమయంలో 2–1తో ఓడారు. ‘లోవ్ లేకపోతే క్లిన్స్‌మన్ లేడు’ అనేవాళ్లు ఈ మొదటి మూడేళ్లకు తృప్తికరమైన జవాబు ఇంతవరకు చెప్పలేదు.

పోట్లాటలకు ఇక్కడా లోటు లేదు. దేశ చరిత్రలోనే పేరున్న గోల్ వీరుడు లాండన్ డోనోవన్‌ను 2014 జట్టు నుంచి తప్పించడం వాటిలో పెద్దది. కాన్‌తో జరిగినదానికీ దీనికీ పోలిక స్పష్టం. తేడా ఏమిటంటే కాన్ జట్టులోనే ఉన్నాడు, డోనోవన్‌ను ఇంటికి పంపారు. జర్మనీలో పెరిగిన అమెరికన్ సైనికుల కొడుకులు జెర్మెయిన్ జోన్స్, ఫేబియన్ జాన్సన్, జాన్ బ్రూక్స్ వంటివారికి పెద్దపీట వేశాడనేది ఇంకో ఆరోపణ. పౌరసత్వం ఉన్న ఆటగాణ్ని ఎక్కడ పెరిగాడని నిలదీయడం నా దృష్టిలో ఆటకు సంబంధించిన విమర్శ కాదు. ఘనాపై గెలుపు గోల్ కొట్టింది బ్రూక్స్. బెల్జియంపై అమెరికా గోల్ కొట్టింది జర్మనీలోనే పెరిగిన పందొమ్మిదేళ్ల జూలియన్ గ్రీన్.

మేజర్ లీగ్ సాకర్‌తో తగవు మాత్రం లోతైనది. ఎదగాలంటే యూరప్ వెళ్లాలని క్లిన్స్‌మన్ ఆటగాళ్లకు బాహాటంగా చెప్పేవాడు. జాతీయ కోచ్ స్వదేశీ లీగ్ విలువ తగ్గిస్తున్నాడని 2014 అక్టోబర్‌లో లీగ్ కమిషనర్ డాన్ గార్బర్ మండిపడ్డాడు. అప్పటికి క్లిన్స్‌మన్ సాంకేతిక డైరెక్టర్ కూడా. అంటే కట్టడం కూడా అతని బాధ్యతే.

2014 తర్వాత జారుడు మొదలైంది. 2015 గోల్డ్ కప్‌లో జమైకా చేతిలో సెమీస్ ఓటమి, మెక్సికోతో కీలక ప్లేఆఫ్‌లో ఓటమి. 2016 కోపా అమెరికాలో నాలుగో స్థానం వచ్చినా, నవంబర్‌లో ప్రపంచకప్ అర్హత పోటీల చివరి దశ తొలి రెండు మ్యాచ్‌లూ పోయాయి. కోస్టారికా చేతిలో 4–0 దెబ్బ తిన్న ఆరు రోజులకు కొలువు పోయింది. మిగిలిన ఎనిమిది మ్యాచ్‌లు బ్రూస్ అరీనా నడిపాడు. 2017 అక్టోబర్‌లో ట్రినిడాడ్ చేతిలో ఓడి అమెరికా ప్రపంచకప్‌కే దూరమైంది. తప్పు గుంట తవ్వినవాడిదా, ఎనిమిది మ్యాచ్‌ల్లో ఎక్కలేకపోయినవాడిదా? అమెరికాలో ఇవాళ్టికీ ఏకాభిప్రాయం లేదు.

బెర్లిన్, సోల్

హెర్తా కథ చిన్నది. 2019 నవంబర్‌లో చేరి, 2020 ఫిబ్రవరి 11న ఫేస్‌బుక్‌లో ప్రకటించి వెళ్లిపోయాడు. తర్వాత అతని అంతర్గత నోట్స్ పత్రికకెక్కాయి. సమర్థించేవాళ్లు దాదాపు లేరు.

కొరియా కథ పెద్దది కావాల్సింది. సోన్ హ్యుంగ్ మిన్, లీ కాంగ్ ఇన్, కిమ్ మిన్ జే, హ్వాంగ్ హీ చాన్ ఒకే జట్టులో ఉన్న కాలం. 1960 తర్వాత ఆసియా కప్ గెలవని దేశం. 2023 ఫిబ్రవరిలో నియామకం, తొలి గెలుపు ఆరో మ్యాచ్‌లో. కొరియాలో ఉండకుండా అమెరికా నుంచి పనిచేస్తున్నాడని మొదటి నుంచీ కోపం. ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో గ్రూపు దశలో మలేషియాతో 3–3 డ్రా, సౌదీపై షూటౌట్, ఆస్ట్రేలియాపై అదనపు సమయంలో గెలుపు. సెమీస్‌లో జోర్డాన్‌పై గోల్ వైపు సరైన షాట్ ఒక్కటీ కొట్టలేక 2–0తో ఓడారు. ఆ మ్యాచ్ ముందు రాత్రి ఆటగాళ్ల మధ్య గొడవలో సోన్ వేలు తొలిగిందని తర్వాత బయటపడింది. 17 మ్యాచ్‌ల్లో 8 విజయాల దగ్గర ప్రయాణం ఆగింది.

పక్కపక్కన పెడితే

అంకెలు కొంతే చెబుతాయి. జర్మనీతో 34 మ్యాచ్‌ల్లో 20 విజయాలు, అమెరికాతో 98లో 55. నిష్పత్తిలో పెద్ద తేడా లేదు. తేడా పరిస్థితుల్లో ఉంది. జర్మనీకి అర్హత పోటీలే లేవు, ఆతిథ్య దేశం కదా. రెండేళ్లూ ప్రయోగాలకు వీలు దొరికింది, పదునైన సహాయకుడు ఉన్నాడు, విరగ్గొట్టదగ్గ పాత అలవాట్లున్నాయి, ముందే ఖాయమైన ముగింపు తేదీ ఉంది. అమెరికాలో మొదటి మూడేళ్లకు ఇవి కొంతవరకు ఉన్నాయి, చివరి రెండేళ్లకు లేవు. కొరియాకు కావాల్సింది కుదుపు కాదు. ఉన్న ప్రతిభకు పొందిక కావాలి, ఆటగాళ్ల మధ్య రోజూ కనిపించే పెద్ద కావాలి. అతను ఇవ్వగలిగింది వేరు. అతని మీద వచ్చిన దూర నివాసం ఫిర్యాదు 2006లోనూ ఉంది, 2024లోనూ ఉంది. మొదటిసారి లోటు పూడ్చే మనిషి అక్కడే ఉన్నాడు.

కాబట్టి క్లిన్స్‌మన్ గొప్పవాడా కాదా అన్న ప్రశ్నను ‘ఏ పనికి’ అనే మాటతో కలిపి అడగాలి. నిద్రపోతున్న సంస్థను లేపే పనికి అతన్ని మించినవాళ్లు ఆ తరంలో తక్కువ. లేచిన సంస్థను నడిపే పనికి అతను సరిపోలేదు. రెండో మాట ఒప్పుకున్నందువల్ల మొదటిది అబద్ధం కాదు.

ఇంకా తేలనివి

లోవ్ వాటా ఎంత అన్నది తేలలేదు. 2014 కప్పు అతని పక్షాన బలమైన సాక్ష్యం. 2018లో అదే లోవ్ జట్టు గ్రూపు దశలో ఇంటిదారి పట్టడం ఆ సాక్ష్యాన్ని కొంత చెరిపింది. దీర్ఘకాలం నిలిచినవాడికి కూడా మళ్లీ కుదుపు అవసరమైందేమో, ఆ కుదుపు ఇచ్చే మనిషి పక్కన లేడేమో. అమెరికాలో యూరప్ దారి పట్టమన్న అతని ఒత్తిడి తర్వాతి తరాన్ని ఎంత మార్చిందన్నదీ తేలలేదు. 2016లో పదిహేడేళ్ల క్రిస్టియన్ పులిసిక్‌ను జట్టులోకి తెచ్చింది అతనే, కానీ పులిసిక్ అప్పటికే డోర్ట్‌మండ్‌లో ఉన్నాడు.

ఈ వాదానికి కావాల్సిన సాక్షులందరూ ఒకే మైదానంలో కనిపించిన రోజు ఒకటుంది. 2014 జూన్ 26, బ్రెజిల్‌లోని రెసిఫె. తెల్లవారుజాము నుంచి కుండపోత వానకు వీధులు మునిగాయి. ఒక బెంచీ ముందు లోవ్, ఇంకో బెంచీ ముందు క్లిన్స్‌మన్. జర్మనీ తరఫున 2006 కుర్రాళ్లు లామ్, మెర్టెసాకర్, ష్వైన్‌స్టైగర్, పొడోల్‌స్కీ మొదటి నుంచీ ఆడారు. పొడోల్‌స్కీ స్థానంలో రెండో సగంలో మిరోస్లావ్ క్లోజె వచ్చాడు. అమెరికా వైపు జర్మనీలో పెరిగిన జోన్స్, జాన్సన్. 55వ నిమిషంలో థామస్ ముల్లర్ గోల్ కొట్టాడు. జర్మనీ 1–0తో గెలిచింది, రెండు జట్లూ ముందుకు వెళ్లాయి. మ్యాచ్ ముగిశాక తడిసిన చొక్కాలతో ఇద్దరు కోచ్‌లూ మైదానం అంచున ఒకరినొకరు కౌగిలించుకున్నారు.